పచ్చి రాయి

కొండ తవ్వుకునే అనుమతి కోసం మేస్త్రీ కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాడు. ఇళ్ళ పైకప్పులకు రాతి పలకలు చీల్చేవాళ్ళలో ఆ చుట్టుపక్కల ఇక అతనొక్కడే మిగిలాడు. పాత ఇళ్ళ మీద పలకలు తప్ప రేకులు వేయకూడదని శాసించిన ఆఫీసే, ఆ పలకలిచ్చే కొండకు తాళం వేసి కూర్చుంది. ఈ తెలివిని ఏమనాలి!

కూతురు అద్దాల ఫ్యాక్టరీలో పని మానేసి వచ్చి ఉలి పట్టింది. "ఇది కుదరకపోతే మళ్ళీ ఫ్యాక్టరీకే పోతాను నాన్నా, ఈసారి తిరిగి రాను" అని ముందే తేల్చి చెప్పింది. ఆమె పోతే ఈ పని తనతోనే కాటికి పోతుందని మేస్త్రీకి తెలుసు. అందుకే ఆఫీసులో అనుమతి విచారణ రోజున చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాడు.

పొడవాటి బల్లకు అవతల ఆఫీసు పెద్దలు. ఇవతల కొండ కింద కొత్తగా ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు. ఉలి చప్పుడుకు తలనొప్పి వస్తుందని వీళ్ళ గోల. తవ్వకం మొదలే కాలేదు, తలనొప్పి మాత్రం అప్పుడే వచ్చేసింది.

మధ్యలో కూర్చున్నావిడ మెత్తగానే అడిగింది. "చీల్చే పని కొండమీద వద్దు. రాళ్ళు తీసి ఉంచండి. మావాళ్ళొచ్చి కొలుచుకున్నాక, ఊరవతల మీ షెడ్డుకు దింపుకుని చీల్చుకోండి. సరేనా మేస్త్రీగారూ?"

ఆ 'గారూ'కే మేస్త్రీ కరిగిపోయాడు. కూతురు అతని చెయ్యి గిల్లింది. "నాన్నా, రాయి ఆరిపోతుంది. చెప్పు."

"నోర్ముయ్యవే! చేతిదాకా వచ్చింది పోగొడతావా?" అని పళ్ళు బిగించి గదిమి, గంగిరెద్దులా తల ఊపాడు. "మీరెలా అంటే అలాగేనమ్మా."

కొండలోంచి తీసిన రాయి లోపలి చెమ్మ ఆరకముందే పొరలుగా విడుతుంది. ఆరిందా, మొండికేస్తుంది. తర్వాత ఎంత నానబెట్టినా లాభం లేదు. ఇది అతనికి తెలియక కాదు. తడి గోనెలు కప్పుదాంలే, వాళ్ళూ త్వరగానే వస్తారులే అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

అనుమతి వచ్చింది. రాళ్ళు తీశారు, గోనెలు కప్పారు. నీళ్ళు మోసి మోసి తండ్రీకూతుళ్ళ భుజాలు పడిపోయాయి. కొలిచే ఆయన ఇదిగో అదిగో అంటూ ఎండలు ముదిరాక గొడుగేసుకుని వచ్చాడు. "భేష్, మంచి రాయి!" అని మెచ్చుకుని వెళ్ళాడు.

షెడ్డులో మేస్త్రీ ఉలి పెట్టి కొట్టాడు. రాయి విడలేదు. గట్టిగా కొడితే ముక్కలై కాళ్ళ దగ్గర రాలింది. ఇంకోటి, మరోటి, అన్నీ అంతే. ఆఫీసును నోటికొచ్చినట్టు తిట్టాడు. తిడుతుంటేనే ఆ రోజు తాను తల ఊపడం గుర్తొచ్చి ఉలి కింద పెట్టేశాడు.

కూతురు తన ఉలిని శుభ్రంగా తుడిచి అతని ఉలి పక్కన పెట్టింది.

"ఉండు తల్లీ! మళ్ళీ వెళ్ళి అడుగుదాం. ఈసారి నువ్వే మాట్లాడు."

"ఆ రోజు మాట్లాడానుగా నాన్నా" అంటూ చెప్పులు తొడుక్కుంది.