సమన్ల సోమన్న శనివారం

కోర్టులో సమన్లు పంచి పంపే నాజర్ సెక్షన్ కిటికీ పక్కన నిలబడి సోమన్న ఆ రోజు కాగితాలను ఊళ్ల వారీగా పేర్చుకుంటున్నాడు. బూరుగడ్డది ఒకటి, లింగగిరివి రెండు, అమరవరానివి రెండు. కాగితం చేతికి రాగానే మనిషి పేరు చదవడం అతనికి అలవాటు లేదు. ముందు ఊరు చూస్తాడు, తర్వాత తండ్రి పేరు, అన్నిటికన్నా ఆఖరున ఆ మనిషి పేరు. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే వరస. ఆరో కాగితం మీద ఊరు హుజూర్‌నగరే. తండ్రి పేరు దేవదానం. సోమన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ ఊళ్లో దేవదానం కొడుకు అతనికి ఒక్కడే తెలుసు.

సాల్మన్. వృత్తి టైలరు. దావా వేసినవాడు అమరేందర్. మెయిన్ రోడ్డు మీది కుట్టు దుకాణం ఖాళీ చేసి తన జాగా తనకు అప్పగించాలని దావా.

సోమన్న కోర్టులో ప్రాసెస్ సర్వర్. సమన్లు, నోటీసులు మోసుకుపోయి ఎవరివి వారికి ఇచ్చి, రెండో ప్రతి మీద సంతకం పెట్టించుకు రావడం అతని ఉద్యోగం. తీసుకోనంటే సాక్షుల ముందు తలుపుకు అంటించి రావాలి. యాభై ఎనిమిదేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. సంచి మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారింది. కుడి పిక్క మీద రెండు కుక్కకాట్ల మచ్చలున్నాయి, రెండూ అమరవరంవే. ఊళ్లో అతన్ని ఉత్త సోమన్న అని ఎవరూ అనరు, సమన్ల సోమన్న అంటారు. అతను హోటల్లో అడుగు పెడితే మాటలు ఆగిపోతాయి. ఈ పూట ఎవరి వంతో అన్నట్టు ఒకసారి చూసి తలలు తిప్పుకుంటారు. పెండ్లి పత్రికలు పంచేవాళ్లు అతని గడప దాటి పక్కింటికి పోతారు.

పక్క బల్ల దగ్గరి వెంకటేశ్ మెడ సాచి కాగితం చూశాడు. అతనూ ప్రాసెస్ సర్వరే, నాలుగేళ్ల కింద చేరాడు.

“గీ సాల్మన్ నీ క్యారమ్స్ జోడి గదా అన్నా?”

“ఆఁ.”

“గది నాకియ్యి. నా మఠంపల్లి కాయితం నువ్వు తీస్కో. సారుకు జెప్పి మార్పిచ్చుకుందాం.”

“అవుసరం లేదు.”

“ఉన్నది ఒక్క దోస్తు. ఎందుకన్నా చెడగొట్టుకుంటవు?”

“నా పేరున రాసింది నేనే ఇస్త,” అన్నాడు సోమన్న. కాగితాన్ని మిగతావాటి అడుగున పెట్టి సంచి జిప్పు లాగాడు.

పన్నెండేళ్ల కింద కూడా ఇదే మాట అన్నాడు. అప్పటి కాగితం అతని బావమరిది లింగస్వామిది, పొలం పంపకాల దావా. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పోయి వాడకట్టులో పేరు పెట్టి అరిచి ఇచ్చే బదులు, సొంత మనిషి ఇంట్లో కూర్చుని నెమ్మదిగా చెప్పి ఇస్తే నయం కదా అనుకున్నాడు. లింగస్వామి సంతకం పెట్టాడు. పెట్టి, మంచినీళ్లు కూడా ఇవ్వకుండా లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఆ ఏటి నుంచి సోమన్న భార్య గోపమ్మకు బతుకమ్మ పండుగకు పుట్టింటి పిలుపు లేదు. “కాయితం ఇచ్చెటోళ్లు మీ కోర్టుల ఇంకెవలు లేకుండెనా?” అని ఆమె మొగుణ్ని ఒక్కసారే అడిగింది. తర్వాత అడగలేదు. పొద్దున టిఫిన్ గిన్నె కట్టి బండి సీటు మీద పెడుతుంది, రాత్రి కంచం పెట్టి అవతలి గదిలోకి పోతుంది. ఆ ఇంట్లో ఇప్పుడు ఎక్కువ మాట్లాడేది టీవీయే. అంత జరిగినా, తాను చేసింది తప్పని సోమన్నకు ఏనాడూ అనిపించలేదు. లింగస్వామిది మూర్ఖత్వం అనుకున్నాడు.

బూరుగడ్డలో నోటీసు నిరోష అనే పిల్లకు. పెండ్లయి రెండేళ్లు కాలేదు, మొగుడు విడాకులకు వేశాడు. అరుగు మీద బియ్యం చెరుగుతున్నది చాట పక్కన పెట్టి, నిలబడే మొత్తం చదివింది.

“నీకు బిడ్డలు లేరా?” అంది.

“ఈడ సంతకం వెట్టమ్మా.”

“ఉంటే ఇసువంటిది మోసుకురాకపోదువు,” అని సంతకం గీకి, పెన్ను అతని చేతికివ్వకుండా నేల మీద పడేసింది. సోమన్న వంగి తీసుకున్నాడు. పెన్నులు ఎప్పుడూ రెండు తెచ్చుకుంటాడు, సగం మంది విసిరేస్తారని.

లింగగిరిలో వరికోత మిషన్ నడుస్తున్న పొలం గట్టున ఇద్దరు అన్నదమ్ములు దొరికారు. పెద్దవాడు కాగితాన్ని చుట్ట చుట్టి మడిలోకి విసిరాడు. సోమన్న ప్యాంటు మడిచి బురదలోకి దిగి, కాగితం తెచ్చి, చొక్కాకు తుడిచి మళ్లీ చాపాడు. మిషన్ డ్రైవర్ ఇంజన్ ఆపి మరీ నవ్వాడు. సోమన్నకు మొహం ఎర్రబడలేదు. తీసుకోకపోతే ఇంటి తలుపుకు అంటిస్తానని, మీ ఆడోళ్లు చూస్తరని గట్టిగా చెప్పాడు. అప్పుడు సంతకాలు పెట్టారు. ఎదుటివాడికి ఎక్కడ తగిలితే నొప్పో ఇన్నేళ్లలో అతనికి బాగా తెలిసింది.

అమరవరంలో ఒక ఇంట్లో టీవీ వినిపిస్తున్నా తలుపు తీయలేదు. పక్కిండ్లవాళ్లు సాక్షి సంతకానికి రామన్నారు. కిరాణం కొట్టు ముందు కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లను బతిమాలి పెట్టించుకుని, తలుపుకు కాగితం అంటించాడు. రెండో ఇల్లు ఆ సందు చివర. అక్కడి మనిషి మాట్లాడకుండా సంతకం పెట్టాడు గానీ, సోమన్న బండి మలుపు తిరుగుతుంటే వెనక మడ్‌గార్డుకు రాయి తగిలింది. వెనక్కి చూడలేదు.

నాలుగు గంటలకు హుజూర్‌నగర్ చేరి నేరుగా సాల్మన్ దుకాణానికి పోయాడు. షట్టర్ వేసి ఉంది. యూనిఫారం గుడ్డకు కోదాడ పోయాడని, అటునుంచి అటే క్లబ్బుకు వస్తానన్నాడని పక్క మెడికల్ షాపతను చెప్పాడు. చెబుతూ సోమన్న సంచి వైపు చూశాడు.

ఫ్రెండ్స్ క్యారమ్స్ క్లబ్బు ఎరువుల దుకాణం మీది అంతస్తులో ఉంది. శనివారం శనివారం ఆరింటికి తెరుస్తారు, ఎనిమిదిన్నరకు మూస్తారు. నాలుగు బోర్డులు, ఒక మూలన చదరంగం బల్లలు రెండు. బోర్డు బోర్డు మీదికీ కిందికంటా వేలాడే బల్బు, ఆ వెలుగులో లేచే తెల్లటి పౌడరు. సోమన్న మొదటిసారి ఆ మెట్లెక్కి ఎనిమిదేళ్లయింది. వచ్చేవాళ్లు పన్నెండు మంది, అందులో ముగ్గురికి అప్పటికే అతని చేతి మీదుగా కాగితాలు అందాయి. డబుల్స్‌కు అతనికి ఎదురుగా ఎవరూ కూర్చోలేదు. మూడు వారాలు గోడకు ఆనుకుని చూసిపోయాడు. నాలుగో వారం సాల్మన్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, “దా, ఆడుదాం,” అన్నాడు.

సాల్మన్ పొట్టి మనిషి. మెడలో టేపు తీయడం మరిచి అలాగే వచ్చేవాడు. కోర్టు ముచ్చట ఏనాడూ అడగలేదు, తన ఇంటి ముచ్చట చెప్పలేదు. “గది నువ్వు కొట్టు, రెడ్డు నేను చూస్కుంట,” ఇవే ఇద్దరి మాటలు. వారంలో ఆ రెండున్నర గంటలే సోమన్న సంచిని గోడ పక్కన పెట్టి, దాని వైపు చూడకుండా ఉండేది.

ఆ సాయంత్రం సాల్మన్ ముందే వచ్చి బోర్డు తుడిచి ఉంచాడు. అవతలి జోడి డ్రిల్లు మాస్టరు గోపీకృష్ణ, మిల్లులో పనిచేసే సతీశ్. సోమన్న కూర్చున్నాడు. ఆట అయినంక ఇద్దరూ కలిసి దిగుతారు, దుకాణం దాకా నడుస్తారు. అక్కడ షట్టర్ ఎత్తించి, కూర్చోబెట్టి, వకీలును పెట్టుకుంటే గడువు దొరుకుతుందని, వెంటనే ఖాళీ చేయాల్సిన పని లేదని వివరంగా చెప్పి ఇవ్వాలి. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాడు. మొదటి బోర్డు గెలిచారు. రెండోది పోయింది. మూడోదాంట్లో రెడ్డు సోమన్న తీసి, దాని వెనకే పడాల్సిన ఫాలో కాయినూ వేశాడు. సాల్మన్ తల ఊపాడు.

నాలుగో బోర్డు మొదలయ్యేసరికి అమరేందర్ వచ్చాడు. సిమెంటు డీలరు, క్లబ్బు ప్రెసిడెంటు. ఈ గది కూడా అతనిదే. వేడి మిర్చీల పొట్లం చదరంగం బల్ల మీద పెట్టి అందరినీ తినమన్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి ఈ బోర్డు దగ్గర నిలబడ్డాడు.

“సోమన్నా, మా కాయితం ముట్టిందా లేదా? వాయిదా దగ్గరికొచ్చె,” అన్నాడు, గ్యాసు బండ వచ్చిందా అని అడిగినంత మామూలుగా.

స్ట్రైకర్ మీద సాల్మన్ వేలు నిలిచిపోయింది.

“ఎవలి కాయితం?”

అమరేందర్ ఫోన్ తీసి చూసుకోసాగాడు. గోపీకృష్ణ ఒకసారి అతన్ని, ఒకసారి సోమన్నను చూశాడు.

“నీదే,” అన్నాడు సోమన్న. “ఆట అయినంక ఇద్దామనుకున్న.”

“ఇయ్యి.”

“కిందికి పోయినంక చెప్త, సాల్మన్...”

“ఇప్పుడే ఇయ్యి.”

సోమన్న లేచి గోడ దగ్గరికి పోయి సంచి తెచ్చాడు. గదిలో తక్కిన మూడు బోర్డుల చప్పుడూ ఆగింది. సాల్మన్ కళ్లజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కో పేరాగ్రాఫూ చదివాడు. దావా వేసినవాడి పేరు దగ్గర తలెత్తి అమరేందర్‌ను చూశాడు.

“కాంప్లెక్స్ కడుతున్న సాల్మన్. జాగా చాల్తలేదు,” అన్నాడు అమరేందర్. “మనసుల ఏం వెట్టుకోకు. కోర్టు పని కోర్టుది.”

సాల్మన్ పెన్ను అందుకున్నాడు. క్యారమ్ బోర్డు మీదే రెండో ప్రతిని పరిచి సంతకం పెట్టాడు. కాగితం అడుగంతా పౌడరు అంటింది. దాన్ని సోమన్న వైపు తోశాడు.

“పొద్దుగాల నుంచి నీ సంచిలనే ఉన్నదా ఇది?”

“ఉన్నది. నాలుగింటికి దుకాణం కాడికి వచ్చిన, నువ్వు లేవు.”

“ఉండంగనే నా ముంగట కూసున్నవు.” సాల్మన్ గొంతు పెంచలేదు. “మూడు బోర్డులు ఆడినవు నాతోటి.”

 వకీలును పెట్టుకుంటే, అని సోమన్న మొదలుపెట్టాడు. సాల్మన్ అప్పటికే లేచి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, తలుపు దాటాడు. మెట్లు దిగుతున్న చప్పుడు కూడా వినిపించలేదు.

“మనిషివేనా నువ్వు?” గోపీకృష్ణ కుర్చీ వెనక్కి నెట్టాడు. “ఆడుకునే కాడికి గూడ తెస్తవా గా దరిద్రపు సంచి?”

“మా తమ్మునికి గిట్లనే ఇచ్చిండు, పెండ్లి పందిట్ల,” అన్నాడు చదరంగం దగ్గరి నుంచి ఎవరో.

అది అబద్ధం. పెండ్లయిన మూడో రోజు ఇచ్చాడు. సోమన్నకు ఒళ్లు మండింది.

“రాపిచ్చింది నేనా? వేపిచ్చినాయన గీడనే నిలవడ్డడు. అడుగుండ్రి. ఒక్కడన్న అడుగుండ్రి గాయన్ను.”

ఎవరూ అమరేందర్ వైపు చూడలేదు. సతీశ్ మిర్చి కొరకబోయి ఆగి, పొట్లంలో తిరిగి పెట్టాడు, అంతే.

“లొల్లి వద్దు,” అన్నాడు అమరేందర్ మెత్తగా. “సోమన్నా, వచ్చే వారం నుంచి నువ్వు రాకు. పది మంది మనసు ఖరాబైతది.”

సోమన్న రెండో ప్రతి మీది పౌడరును చేత్తో దులిపి, మడిచి సంచిలో పెట్టాడు. జిప్పు లాగాడు.

“మీ కాయితం ముట్టింది,” అన్నాడు. “వాయిదా పదహారో తారీకు. పొద్దుగాల పదిన్నరకు. వాది గూడ హాజరు గావాలె.”

అలా మాట్లాడడం అతనికి బాగా వచ్చు. ఇరవై తొమ్మిదేళ్లుగా గడపల ముందు మాట్లాడిన గొంతు అది. తలుపు దాటాక మాత్రం గోడ పట్టుకుని నిలబడ్డాడు. వెనక బోర్డు మీద కాయిన్లు మళ్లీ పేరుస్తున్న చప్పుడైంది. తన కుర్చీలో ఎవరో కూర్చున్నారు.

కింద మెట్ల దగ్గర చెప్పుల వరసలో తనవి వెతుక్కుంటుంటే సాల్మన్ చెప్పులు కనిపించాయి. ఆ మనిషి ఒట్టి కాళ్లతో పోయాడు. రోడ్డు మీద సిమెంటు లారీలు పోతున్నాయి, కంకర తేలిన రోడ్డు. సోమన్న వంగి వాటిని చేతిలోకి తీసుకున్నాడు. సాల్మన్ ఇల్లు నాలుగు సందుల అవతల. రెండు అడుగులు వేశాడు. ఆ ఇంటి తలుపు తట్టి బయట నిలబడిన తనను, లోపలి నుంచి తీసి చూసే సాల్మన్ భార్యను ఊహించుకున్నాడు. వెనక్కి వచ్చి, చెప్పులను ఉన్నచోటే జత చేసి పెట్టాడు.

సాల్మన్ మళ్లీ ఆ మెట్లెక్కలేదు. వకీలునూ పెట్టుకోలేదు. పదహారో తారీకు రాకముందే మిషన్లు ఆటోలోకి ఎక్కించి, హాలియాలో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయాడు. పోయే ముందు బజారంతా తిరిగి అందరికీ చెప్పాడట, మెడికల్ షాపతనికి కూడా. సోమన్నకు వెంకటేశ్ చెబితే తెలిసింది. ఆ శనివారం సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి పోతూ, క్లబ్బు మెట్ల ముందు బండి ఆపాడు. పైన స్ట్రైకర్ల చప్పుడు. కింద, అందరి చెప్పులకూ ఎడంగా ఎవరో గోడవారకు నెట్టేసిన ఆ జత, పట్టీ తెగినచోట బడిపిల్లల యూనిఫారం నీలిదారంతో నాలుగు కుట్లు పడి, మడమల గుంతల్లో లారీల దుమ్ము నిండి ఉంది.