మీటరు చెప్పిన పన్నెండు

ఇంజనులో తప్పుందని స్టీరింగు ముందు వెలిగే ఆ పసుపు దీపం మూడోసారి కూడా వెలిగింది. కారు నాది, అద్దెకు తిప్పుకుంటాను. రెండు నెలల్లో రెండుసార్లు ఆక్సిజన్ సెన్సార్ మార్చాం. మార్చిన రోజు దీపం ఆరిపోతుంది. రెండు రోజులు తిరిగేసరికి అడగని చుట్టంలా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

బళ్ళు బాగుచేసే షెడ్డు మా మేనమామది. అక్కడ పనిచేసేది ముగ్గురు: మామయ్య, రేకులు సాపుచేసే ఒకాయన, మా చెల్లెలు. రేకులాయన్ని అందరూ సుత్తి అంటారు. చేతిలో ఉన్నదాన్ని బట్టి కొంత, నోట్లోంచి వచ్చేదాన్ని బట్టి కొంత. చెల్లెలిది వైర్ల పని. పదేళ్ళ కిందట నేర్పింది మామయ్యే. అంతకుముందు ఆమె వేరే రెండు షెడ్లకు వెళ్ళి అడిగింది. టీ ఇచ్చారు గాని చేతికి స్పానరు ఇవ్వలేదు.

ఆ సెన్సార్ పొగగొట్టంలో బిగించి ఉంటుంది. బాగా వేడెక్కితే గాని సరైన లెక్క చెప్పదు. బండి తీయగానే త్వరగా వేడెక్కడానికి దాని లోపలే చిన్న హీటరు పెట్టారు. తప్పు ఆ హీటరు కరెంటులో ఉందని, బండికి తగిలించి తప్పులు చదివే స్కానరు చెబుతోంది.

మామయ్య ప్లగ్గు ఊడదీసి, కరెంటు వచ్చే వైరుకు మీటరు ఆనించాడు. బ్యాటరీలో ఉన్నట్టే పూర్తిగా పన్నెండు వోల్టులు. మీటరు మీద పన్నెండు కనబడితే ఆయన ఆ వైరును ఇక అనుమానించడు. షెడ్డంతటికీ అదే పద్ధతి. ఫ్యూజు బాగుంది, కరెంటు వస్తోంది, సెన్సార్ కొత్తది, కాబట్టి పోయింది ఇంజను కంప్యూటరేనని తేల్చి, తెప్పించమని నాకు చెప్పాడు. నేను సరే అనబోయాను.

చెల్లెలు బానెట్ కిందనుంచి తల ఎత్తకుండానే అంది.

"కంప్యూటర్ కాదు మామయ్యా. వైరు."

"పన్నెండు వస్తోంది కదే. కళ్ళు కనబడట్లేదా?"

"రావడం వస్తోంది. పని చెయ్యట్లేదు."

తన భార్య కూడా తన గురించి సరిగ్గా ఇదే మాట అంటుందని సుత్తి అన్నాడు. ఎవరూ నవ్వలేదు. బెంచీ మీద బళ్ళు ఇచ్చినవాళ్ళు ఇద్దరు కూర్చుని వింటున్నారు. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. వైరులో తప్పు పట్టాలంటే ఫ్యూజు పెట్టె నుంచి పొగగొట్టం దాకా వైర్ల కట్టంతా విప్పాలి. ఆయనకు అది ఇష్టంలేదు, తన మాట మీద ఇంకొకరు మాట వెయ్యడం అంతకంటే ఇష్టంలేదు.

"విప్పుకో. విప్పాక ఏమీ దొరక్కపోతే రేపట్నుంచి ఇటు రాకు."

అంత మాట అంటాడని నేను అనుకోలేదు. ఆయనా అనుకోలేదేమో, వెనక్కి తిరిగి ఖాళీ నూనె డబ్బాను ఊరికే అటూ ఇటూ జరిపాడు.

చెల్లెలు ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికించింది. ఒక కొస బ్యాటరీకి, ఇంకో కొస సెన్సార్ ప్లగ్గులో కంప్యూటర్ వైపు నుంచి వచ్చే వైరుకు పెట్టి, నన్ను ఇంజను వెయ్యమంది. బల్బు నిండుగా వెలిగింది. అంటే కంప్యూటర్ తన వంతు పని చేస్తోంది. తర్వాత ఆ పన్నెండు వచ్చే వైరుకూ బండి బాడీకీ మధ్య అదే బల్బు పెట్టింది. అది ఆరిపోయే పొయ్యిలో నిప్పులా మినుకుమంది. పక్కనే మీటరు ఆనిస్తే పన్నెండు కాస్తా నాలుగైంది.

"మీటరుకి చుక్క చాలు మామయ్యా. హీటరుకి బిందెడు కావాలి."

బల్బు పాతదన్నాడాయన. ఆమె దాన్ని తిన్నగా బ్యాటరీకి పెట్టి చూపించింది. కళ్ళు చెదిరేలా వెలిగింది. ఫ్యూజు పెట్టె దగ్గరా అలాగే వెలిగింది. ఇక తప్పు ఫ్యూజు పెట్టెకూ సెన్సార్ ప్లగ్గుకూ మధ్యనే ఉంది.

టేపు ఊడదీయడం మొదలుపెట్టింది. మూరెడు విప్పింది, వైరు కొత్తదానిలా ఉంది. ఇంకో మూరెడు, అదీ అంతే. భోజనానికి రమ్మంటే తర్వాత అంది. బెంచీ మీద వాళ్ళు తినొచ్చి మళ్ళీ కూర్చున్నారు. మామయ్య వేరే బండి చక్రం విప్పుతూ, ఒకే నట్టును మూడుసార్లు బిగించి మూడుసార్లు వదులు చేశాడు.

బ్యాటరీ తట్ట కింద వేలికి ఒక ముడి తగిలింది. టార్చి పట్టుకున్నది నేనే. టేపు చుట్టాక దాని కొస గోరు పట్టేలా వెనక్కి మడిచి ఉంది. షెడ్డులో అలా మడిచేది ఒక్కరే.

సుత్తి చేతిలో సుత్తి ఆగింది.

లోపల రెండు వైర్లు మెలిపెట్టి వదిలేసి ఉన్నాయి. తడి చేరి పచ్చగా చిలుం పట్టి, ఒకటి రెండు పోగులు మాత్రమే అంటుకుని ఉన్నాయి. నాకు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట వానల్లో, నా కారుతో పాటు ఈ షెడ్డులో నిలిపిన బళ్ళ వైర్లను ఎలకలు కొరికాయి. సోల్డరింగ్ కడ్డీ కాలిపోయి ఉంటే, అప్పటికి మెలిపెట్టి టేపు చుట్టి, తర్వాత అతికిద్దామన్నాడు మామయ్య. ఆ తర్వాత రానేలేదు.

చెల్లెలు ఎవరి పేరూ ఎత్తలేదు. చిలుం పట్టినంత మేర కోసేసి, కొత్త ముక్క వేసి అతికించి, తడి చేరకుండా పైన ప్లాస్టిక్ గొట్టం తొడిగింది. ఈసారి బల్బు నిండుగా వెలిగింది. సెన్సార్ తగిలించి, స్కానర్‌లో తప్పు చెరిపి, అరగంట తిప్పుకొచ్చాం. దారిలో రెండుసార్లు ఆపి మళ్ళీ వేసి చూశాం. పసుపు దీపం వెలగలేదు.

మామయ్య మంచిదన్నాడు, చేతులు కడుక్కోమన్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

"ఆ వానల్లో ఎలకలు కొరికిన బళ్ళు ఇంకో మూడున్నాయి మామయ్యా. ఒకదానిది బ్రేకు లైటు వైరు."

వాళ్ళెవరూ ఫిర్యాదు చెయ్యలేదు కదా అన్నాడాయన. గొంతు తగ్గించి, ముప్పై ఏళ్ళుగా నిలబెట్టుకున్న పేరని, మనమే ఫోన్ చేసి చెబితే రేపు వీధిలో ఎవరూ బండి ఇవ్వరని అన్నాడు. ఆమె గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటూ విన్నది. తర్వాత ఫోన్ తీసి నంబరు వెతకసాగింది.

"ఫోన్ చేశావంటే తప్పు దొరికింది, దొరకలేదు అని చూడను. రేపు రాకు."

"రేపటి సంగతి రేపు. ఇవాళ ఇంకా పనిలోనే ఉన్నాను."

నంబరు నొక్కింది. వైరు కట్టు సరిగ్గా లేదని, బండి తీసుకొస్తే మళ్ళీ చేసిస్తామని చెప్పింది. అవతలివాడు నమ్మినట్టు లేడు, మేస్త్రిని పిలవమన్నాడు. ఆమె ఫోన్ మామయ్య వైపు చాపింది. చాపిన చెయ్యి దించలేదు. ఆయన ఆ చేతిని చూశాడు, బెంచీ వైపు చూశాడు, చివరికి ఫోన్ అందుకున్నాడు.

"ఆఁ, నేనే. నిజమే, ఆ జాయింటు నాదే." చాలాసేపు అవతలివాడి మాట విన్నాడు. "రేపు పొద్దున్నే తీసుకురా. నేను కాదు, మా మేనకోడలు చూస్తుంది."

ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె మొహం చూడలేదు. ఆమె రెండో నంబరు నొక్కింది.