అమ్మాయి నడక వినిపించే గది

పొద్దున టిఫిన్లు కాగానే అమ్మ కుట్టుమిషను ముందు కూర్చునేది. పక్కన ఆడపడుచు బొత్తాలు కుడుతుండేది. అదే వేళకి, తలుపు మూసిన అమ్మాయి గదిలో అడుగుల చప్పుడు మొదలయ్యేది. ఒక సెమిస్టర్ చదువుకని తూర్పున వేరే దేశం వెళ్ళిన పిల్ల అక్కడ నడిస్తే ఇక్కడ వినపడేది. గది చిన్నది, పిల్ల నడక పొడుగు. గోడదాకా వచ్చి మళ్ళీ తిరిగేవి అడుగులు. కాలికి తగులుతుందేమోనని అమ్మ మంచాన్ని ఓ మూలకి జరిపించింది. నడిచే పిల్లకి అడ్డమెందుకని ఆ వేళ ఎవరూ లోపలికి వెళ్ళేవారు కారు.

కింద వాటాలో ఉండే పళ్ళ డాక్టరు మాత్రం ఓసారి పైకొచ్చాడు.

“మీ అమ్మాయిని కాస్త మెల్లిగా నడవమనండి అక్కయ్యగారూ. సరిగ్గా నేను పన్ను పట్టుకున్నప్పుడే పరిగెడుతుంది. ఇవాళ పేషెంటు ఉలిక్కిపడి నా వేలు కొరికాడు.”

“ఆలస్యంగా లేస్తుంది బాబూ, అందుకే ఆ పరుగులు,” అంది అమ్మ.

“మా చిన్నాన్న ఓడలో పనికెళ్ళిన ఏడాది మా ఇల్లంతా ఊగేది. పొయ్యి మీద గిన్నె నిలిచేది కాదు. ఇది చాలా నయం,” అంది ఆడపడుచు తలెత్తకుండానే.

చలి ముదిరాక ఒక మధ్యాహ్నం, అక్కడ చీకటి పడే వేళ, పిల్ల ల్యాబు నుంచి హాస్టలుకి నడుస్తోంది. ఆ మెత్తటి అడుగుల వెనక మరో జత వినపడింది. గట్టి మడమల బూట్లు. పిల్ల ఆగితే అవీ ఆగాయి. కదిలితే కదిలాయి. మిషను చక్రం మీద అమ్మ చెయ్యి అలాగే ఉండిపోయింది.

హాస్టలు చేరిందనిపించాక అమ్మ ఫోను చేసి, వెనక వచ్చిందెవరని అడిగింది.

“ఇంత ఊళ్ళో నా వెనక ఎవరూ నడవకూడదా అమ్మా?”

“నువ్వు ఆగితే వాడూ ఆగుతున్నాడే.”



“నాలుగు రోజుల్నించి వస్తున్నాడు. కాలేజీ ఆఫీసులో చెప్తే మొహం చూశావా అన్నారు. చూళ్ళేదు. నీకు చెప్తే వచ్చెయ్యమంటావని...”

“అంటాను మరి. ప్రాణం కంటే ఎక్కువా చదువు? ఈ వారం దాటకుండా వచ్చెయ్.”

పిల్ల ఏడ్చింది. చివరికి సరేనంది.

మర్నాడు పిల్ల వేరే దారి పట్టింది. బూట్లు ఆ దారీ పట్టాయి. ఈసారి ఆగడం లేదు, దగ్గరవుతున్నాయి. పిల్ల పరుగందుకుంది. అమ్మ ఫోను చేస్తే మోగుతోందే గాని ఎత్తడం లేదు. గదిలో గోడ నుంచి గోడకి రెండు పరుగులు.

“భగవంతుడా, దాన్ని ఒంటరిదాన్ని చెయ్యకు,” అనుకుంటూ అమ్మ తలుపు తోసుకుని లోపలికెళ్ళి, ఆ బూట్ల వెనకే గట్టిగా ఒక అడుగు వేసింది.

బూట్లు తడబడ్డాయి.

ఇక్కడి అడుగు అక్కడ వినపడుతోందని అమ్మకి తెలిసిపోయింది.

“వదినా, నువ్వూ రా. కింద డాక్టరుగార్ని పిలు, ఉన్నవాళ్ళందర్నీ తీసుకురమ్మను.”

డాక్టరు చేతికి తొడుగులతోనే వచ్చాడు. వెనక ముగ్గురు పేషెంట్లు, ఒకాయన నోట్లో దూది. సంగతి వినగానే మారు మాట్లాడకుండా గదిలోకి నడిచారు. అంతమందీ పిల్ల వెనక అడుగు కలిపారు. నేల దద్దరిల్లింది. గట్టి మడమలు ఒక్క క్షణం నిలబడి, పక్కకి మళ్ళి, గోడ దాటి ఎటో పరుగెత్తి వినపడకుండా పోయాయి.

అప్పుడు మోగింది ఫోను. పిల్ల రొప్పుతోంది.

“అమ్మా, రోడ్డు ఖాళీగా ఉంది. కానీ బోలెడంతమంది నడిచారు.”

“మేమే. ఇంక రానక్కర్లేదులే. పరీక్షలు రాసే రా.”

అమ్మకి భయం మాత్రం వదల్లేదు. మిగిలిన సెమిస్టరంతా, అక్కడ పొద్దుగూకే వేళకి మిషను ఆపి, ఆ గదిలోకెళ్ళి పిల్లతోపాటు నడిచింది. మోకాళ్ళు సహకరించక అమ్మ వెనకబడినప్పుడల్లా, ముందు వెళ్ళే అడుగులు ఆగి ఉండేవి.