గుడారి సంతలో నాలుగో కొలత

మా నాన్న చంద్రశేఖరం గారికి బంధుగాంలో కిరాణా కొట్టు. అందులో పెరిగి, లెక్కల్లో ఆనర్స్ చేస్తున్న నాకు తేడా రాని అంకె కంటే అందమైనది ఈ లోకంలో ఇంకోటి ఉంటుందని తెలీదు. అందుకే రాయగడ హాస్టల్లో నా గదిలో ఉండే క్యాథరిన్ చదివే మానవశాస్త్రం అసలు చదువే కాదనుకునేదాన్ని. ఊళ్ళు పట్టుకు తిరిగి, ఎవరేం తిన్నారో, ఎవరికెవరు ఏమవుతారో రాసుకోవడానికి డిగ్రీ కూడానా? దాని మొహం మీదే అనేసేదాన్ని. అది నవ్వేసేది.

తొంభై తొమ్మిదిలో క్యాథరిన్ గుడారి సంత మీద రిపోర్టు రాస్తోంది. బాగా రాసినవాళ్ళని భువనేశ్వర్ సెమినారుకి పంపుతారు. సోంబారి అనే ముసలావిడ మానికతో చోళ్ళు, అదే రాగులు, కొలిచి అమ్ముతుంటే, అవి కొన్నవాళ్ళ సంచిలో పడేలోపు క్యాథరిన్ స్ప్రింగు కాటాతో తూచి రాసుకుంది. పదిమందికి పది తూకాలు వచ్చాయి.

"ఇదేటమ్మీ! ఒకటే మానిక, అవే చోళ్ళు, పది లెక్కలా?" అన్నాను. "రాశి పోస్తే ఇలాగే అవుద్ది. మా కొట్లోలాగ కర్రతో అంచుకి గీసీమని సెప్పు. అప్పుడు తూసుకో."

నా మాట నమ్మి, మరుసటి వారం సంతకి అలాంటి కర్రే ఒకటి పట్టుకెళ్ళింది. పది తూకాలూ ఒక్కటే వచ్చాయి. నేను గంతులేశాను. వాళ్ళ దేవమణి మేడం మాత్రం కాగితం చూసి కళ్ళజోడు తీసేశారట.

"సంతలో పదిమందికీ ఒక్కలాగే కొలిచిందా? ఈ లెక్కలు గదిలో కూర్చుని వండేవా? వచ్చే సోమవారానికి నిజమైనవి తే. లేదంటే భువనేశ్వర్ లిస్టులో నీ పేరుండదు" అన్నారట.

క్యాథరిన్ నన్ను ఒక్క మాట అనలేదు. దాంతో నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. ఆ వారం సంతకి నేనూ బస్సెక్కాను.

"గీసి తూసేక, సంచిలో మళ్ళీ పిడికిళ్ళతో పోసిందే ఆవిడ," అంది దారిలో. "గీసిందే తూసుకోమన్నావని అది రాయలేదు."



సోంబారి పక్కన గోనె పరుచుకుని కూర్చున్నాం. మానిక నిండినా ఆవిడ పోస్తూనే ఉంది. చోళ్ళు జారిపోగా మిగిలినవి అంచు మీద శంకువులా నిలబడ్డాయి. శంకువు! ఎత్తూ, అంచు వెడల్పూ తెలిస్తే చాలు, ఎన్ని చోళ్ళో చెప్పేయచ్చు. పెన్ను తీసి అరచేతి మీదే లెక్క కట్టేశాను. ముగ్గురు మనుషులకి, మూడుసార్లూ కాటా ముల్లు నా అంకె పక్కనే ఆగింది.

"సూడే! సూడే!" అని దాని భుజం పట్టుకు ఊపేశాను.

నాలుగోవాడు గళ్ళ తువ్వాలు చుట్టుకున్న మనిషి. ఈసారి సోంబారి ఎడమచేతి వేళ్ళు అంచు చుట్టూ గోడలా అడ్డం పెట్టి, ఆ గోడ నిండా పోసింది. ముల్లు ఎక్కడికో దిగిపోయింది. నా శంకువు గంగలో కలిసింది.

"ఈ అంకె కొట్టీ. మిగతావాటితో కలవదు" అన్నాను.

"కొట్టీడమేటి!" క్యాథరిన్ లేచి నిలబడిపోయింది. "ఇన్నాళ్ళూ తిరిగింది దీనికోసమే కదే! ఆడికెందుకు అంత పోసిందో అడుగు. నీకు ఈళ్ళ దేశియా బాస వచ్చు కదా, అడగవే!"

అడిగాను. సోంబారి నన్ను వింతగా చూసి జవాబు చెప్పింది.

"ఆడి పెళ్ళాం నీళ్ళాడి ఎనిమిది రోజులైందట. బాలింత తినొద్దా అంటోంది."

"సుట్టమా?"

"కాదట. ఆడి పేరు కూడా తెలీదట."

క్యాథరిన్ ఎంత గబగబా రాసిందంటే, పెన్ను నొక్కుకి కాగితం చిరిగింది. దాని మొహం వెలిగిపోతోంది. జటిలమైన లెక్క తేలిన క్షణాన నాకు ఒంట్లో ఏమవుతుందో, దానికి ఇప్పుడు అదే అవుతోందని ఒక్కసారిగా అర్థమైంది. అది వెతుకుతున్నదాన్నే నేను కర్రతో గీయించి పారేశాను. ముందు సిగ్గేసింది. ఆ వెనకే పట్టరాని సంతోషం వేసింది.

ఇక ఆగలేదు. నేను తూకం చెప్పడం, అది మనుషుల్ని అడగడం, మధ్యలో నేనే దేశియాని తెలుగు చేయడం. ఒక వ్యాపారికి బొటాబొటీగా పోసింది. కాలు విరిగినాయన భార్యకి మళ్ళీ వేళ్ళు అడ్డం పెట్టింది. కొనేవాళ్ళు మమ్మల్ని విసుక్కున్నారు. మొదటి బస్సు వెళ్ళిపోయినా మాకు పట్టలేదు.

సోమవారం మేడం నన్ను కూడా లోపలికి పిలిచారు. కాగితం మీద వేలు ఆనించారు.

"ఈ నాలుగోది తప్పు తూకంలా ఉంది. సరాసరి చెడుతుంది. కొట్టేద్దామా?"

క్యాథరిన్ నోరు తెరిచేలోపే నేను అరిచినంత పని చేశాను.

"వద్దు మేడం! ఆ ఇంట్లో బాలింత ఉంది!"

మేడం సంతకం పెట్టి, కాగితం క్యాథరిన్ చేతికిచ్చి, నా వైపు తిరిగారు.

"నువ్వే డిపార్టుమెంటమ్మా?"

"లెక్కలు మేడం" అన్నాను.