ఏడో వరస

కాగితం మీద నెగెవ్ ఎడారి చదునుగానే ఉంది. పదివేలమంది సైనికులకు శిక్షణ స్థావరం, పన్నెండు వరసల బ్యారక్‌లు. ఏడో వరసకు పునాది తీయాలంటే ఇంజనీరుగా నా సంతకం కావాలి. నేను పెట్టలేదు.

కారణం బుల్డోజర్ నడిపే ఔదె. ఆ ఎడారిలోనే పుట్టిన బెదూయిన్ తెగవాడు. పని అయ్యాక బండిని ఏడో వరస గుర్తులున్న పల్లంలోనే వదిలేయవచ్చు. అతను మాత్రం మోకాలి లోతైనా లేని ఆ పల్లం దాటించి, గట్టెక్కించి, అంత దూరమూ నడిచి వచ్చేవాడు.

"బండికి గాలి మార్పు కావాలేంటి ఔదే?" అని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు.

"దానికి ఈత రాదు," అనేవాడు.

నాకు నవ్వు రాలేదు. మేం కొలతలు తీసింది ఆగస్టులో, ఇక్కడ చుక్క వాన పడని నెలలో. లెక్కలోకి తీసుకున్నది ఇక్కడి వానను మాత్రమే. ఈశాన్యపు కొండల మీద కురిసింది ఎటు పోతుందో ఎవరమూ అడగలేదు.

ఏడో వరసను తొంభై మీటర్లు జరిపి కొత్త నక్షా పంపాను. మర్నాడే స్థావరం పనులు చూసే కల్నల్ షల్తియేల్ దిగాడు.

"రుహామా, ఒక డ్రైవర్ చాదస్తానికి ఎనిమిది వందల మంచాలు జరుపుతావా? సాయంత్రంలోగా పాతదాని మీద సంతకం పెట్టు. లేదంటే పెట్టేవాణ్ణి తెచ్చుకుంటాను."

"తెచ్చుకోండి. ముందు ఒక గంట ఇవ్వండి. ఔదే, ఈ పల్లంలో తవ్వు."

ఇరవై ఏళ్లుగా ప్రతి సంతకానికీ ముందు నా అరచేతులు చెమర్చేవి. ఆ రోజు పొడిగా ఉన్నాయి. రుజువు ఇంకా మట్టికిందే ఉంది. నమ్మకం దానికోసం ఆగలేదు. ఇది వట్టి మొండితనమేమోనని నన్ను నేను నిలదీసుకున్నాను. మొండితనమైతే కల్నల్ మొహం చూస్తూ ఉండేదాన్ని. నేను గుంతనే చూస్తున్నాను.

మొదటి మీటరు మెత్తని పసుపు మట్టి. కల్నల్ గడియారం చూసుకున్నాడు. అంతలో బుల్డోజర్ పలక గరగరలాడింది. నీళ్లకు నున్నగా అరిగిన గులకరాళ్లు, సన్న ఇసుక, మళ్లీ రాళ్లు. వాటి మధ్య ఒక ప్లాస్టిక్ చెప్పు.

ఔదె దిగి దాన్ని ఊడబీకాడు. "ఇది మా తాతది కాదు కల్నల్, ఈమధ్యే వరదకు కొట్టుకొచ్చింది. ఆయన అసలు చెప్పులే తొడగలేదు."

"ఎండ కాస్తున్నప్పుడు కూడా వస్తుందా వరద?" అన్నాడు కల్నల్.

"అప్పుడే భయం. ఇక్కడ వాన పడితే మేమే లేచి గట్టెక్కుతాం. కొండల మీద పడితే తెలియనే తెలియదు."

కల్నల్ ఒక గులకరాయిని చాలాసేపు వేళ్లతో తిప్పాడు.

"తొంభై మీటర్లు సరిపోతాయా? నూట ఇరవై చెయ్యి."

"తొంభై చాలు, గట్టు మీదికి చేరిపోతాం. ఆపైన జరిపితే అది నా పిరికితనం."

ఆయన కొత్త నక్షాను జీపు బానెట్ మీద పరిచాడు. మొదటి సంతకం నేను పెట్టాను.