ఎర్ర రంగులో పడిన గుట్ట

మా అత్తగారు ఓక్‌బున్, నేనూ ఇరవై ఏడేళ్లుగా ఒకే వంటింట్లో వండుకుంటున్నాం. ఇన్నేళ్లలో ఆవిడ నాకు ఒక్క విషయం మాత్రం చెప్పలేదు. బంగారం ధర పలికే సోంగి పుట్టగొడుగులు తనకు ఏ పైన్ చెట్ల కింద దొరుకుతాయో. నన్నొక్కదాన్నే చిన్నచూపు చూసిందని అనను, కన్నకొడుక్కీ చెప్పలేదు. మా సోల్‌మె ఊళ్లో ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు. సెప్టెంబరు వస్తే తెల్లారుతూనే గంప మీద గుడ్డ కప్పుకుని బయల్దేరతారు. వెళ్లాల్సింది తూర్పుకైతే ముందు పడమటికి నడుస్తారు. వచ్చేటప్పుడు మళ్లీ వేరే దారి.

నేను ముక్‌హో రేవులో, చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టాను. మా వైపు చేప దొరికితే పక్క పడవ వాణ్ణి కేకేసి పిలుస్తాం. అందుకే పెళ్లైన కొత్తలో ఈ దాపరికం నచ్చక ఒకసారి ఆవిడ వెనకాలే వెళ్లాను. వాగు దగ్గర రాయి మీద కూర్చుని, నేను విసుగెత్తి వెనక్కి తిరిగేదాకా గంటన్నరసేపు చేతులు కడుక్కుంటూనే ఉంది. మళ్లీ నేను ఆ పని చేయలేదు.

పోయినేడు మార్చిలో కొండలు తగలబడ్డాయి. మూడు రోజులు గాలి నిలవలేదు. ఊరు మిగిలింది, అడవి పోయింది. ఆ తర్వాత అధికారులు వచ్చారు, టీవీ వాళ్లు వచ్చారు, చివరికి యూన్‌సుల్ వచ్చింది. యూనివర్సిటీ పిల్ల, ముప్పై నిండలేదు. మా వెనక గది అద్దెకు తీసుకుంది. ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మలు చూసి, కాలిన అడవిలో ఎక్కడి చెట్లు చచ్చాయో, ఎక్కడివి బతుకుతాయో చెప్పడం ఆమె పీహెచ్‌డీ. ఊళ్లో అందరూ డాక్టరమ్మా అనే పిలిచేవాళ్లు, ఇంకా కాకపోయినా.

ఈ ఏప్రిల్లో అటవీ కార్యాలయం వాళ్లు ఊరి హాల్లో యూన్‌సుల్ చేసిన పటం గోడకు తగిలించారు. ఆకుపచ్చ అంటే బతికినవి. పసుపు అంటే సగం సగం. ఎరుపు అంటే చచ్చినవి. ఎర్రగా ఉన్నచోటల్లా మే అయిదు నుంచి యంత్రాలతో నరికి, వేరే జాతి మొక్కలు నాటుతామని చెప్పారు. మా అత్తగారు కర్ర పట్టుకుని లేచి పటం దగ్గరికి వెళ్లింది.

"ఇది ఎరుపేనా? మరి ఇది? ఈ వాగు పక్కది? ఆ డేగరాయి గుట్ట? దాని కింద మొరపది?" అంటూ ఆరు చోట్లు అడిగింది. ఆవిడ వేలు ఎటు వెళ్తే ఊళ్లో వాళ్ల కళ్లన్నీ అటు వెళ్లాయి.

"ఏం వదినా, నీ సోంగి లేని అయిదు చోట్లు కలిపి అడుగుతున్నావా?" అన్నాడు ఊరిపెద్ద.

"ముందు నీది ఎక్కడో చెప్పు, తర్వాత నాది చెప్తా," అంది ఆవిడ. హాలంతా నవ్వారు.

ఆవిడ నవ్వలేదు. రాత్రి భోజనాల దగ్గర మొదలుపెట్టింది.

"పాపా, నీ పటం తప్పు."

"ఎక్కడ అమ్మమ్మా?"

"ఎక్కడైతే నీకేం? ఎరుపు వేసిన ఒకచోట చెట్లు బతికే ఉన్నాయి. ఆ రంగు తీసెయ్."

"చోటు చెప్పకపోతే ఎలా తీస్తాను?"

"ఆకాశంలోంచి చూసే చదువు కదా నీది. చూసుకో."

యూన్‌సుల్ సగం అన్నం వదిలేసి గదిలోకి వెళ్లిపోయింది. నేను గిన్నెలు కడుగుతుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పిన్నీ, ఒకటి చెప్తాను, తిట్టకండి. పటం సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి రెండువందల పన్నెండు చోట్లకి స్వయంగా వెళ్లి చెట్లు లెక్కపెట్టాలి. రెండువందల చోట్లకి వెళ్లాను. డేగరాయి ఉత్తరం వైపు పన్నెండు మిగిలాయి. అక్కడికి దారి లేదు. రోడ్డు మీంచి బైనాక్యులర్‌తో చూస్తే మొదళ్లు నల్లగా కనిపించాయి. చచ్చాయని రాసేశాను."

"వెళ్లినట్టు రాశావా?"

"వెళ్లినట్టే. ఇప్పుడు అమ్మమ్మ అన్నాక బొమ్మ మళ్లీ తీసి చూశాను. అది డిసెంబరులో తీసింది. పొద్దు వాలి ఉంటుంది, ఆ వైపంతా కొండ నీడ. నీడని మసి అనుకున్నానేమో."

నాకు ఒళ్లు మండింది. "ఎక్కని కొండ ఎక్కినట్టు రాసేదానికి ఇంత దూరం రావడం ఎందుకమ్మా? మీ ఊళ్లోనే కూచుని రాసుకోవచ్చుగా."

"జూన్లో నా చివరి పరీక్ష పిన్నీ. ఇప్పుడు మారిస్తే ఆర్నెల్లు వెనక్కి పోతుంది. పైగా కొలిచిన ప్రతి చోటూ జీపీఎస్ అంకెలతో సహా పుస్తకంలో వేయాలి. ఎవరైనా చూసుకుని నడిచి వెళ్లిపోవచ్చు."

"అది ఆవిడతో చెప్పు, నాతో కాదు," అన్నాను. ఆ పిల్ల మొహం చూస్తే జాలేసింది కానీ చూపించలేదు.

పొద్దున్నే చెప్పేసింది. మా అత్తగారు అంతా విని, గంజి తాగడం పూర్తిచేసి, మూతి తుడుచుకుంది.

"నడు మరి. ఆ జీపీఎస్ డబ్బా కూడా తెచ్చుకో."

"టేపు అవతలి కొస పట్టుకోడానికి ఇంకొకరు కావాలి అమ్మమ్మా. ఆ వాలు మీద మీవల్ల కాదు. పిన్నిని రమ్మందామా?"

ఆవిడ నన్ను నిలవ చేపను చూసినట్టు చూసింది. "ఇది వస్తే ఊరంతా వచ్చినట్టే."

"ఇరవై ఏడేళ్లలో ఎవరికైనా చెప్పానా అత్తయ్యా?"

"తెలియంది ఎలా చెప్తావే?"

అయినా రానిచ్చింది. బయటి పిల్లకి ముందు, నాకు తర్వాతా అని లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఆవిడ అలవాటుకొద్దీ పడమటికి నడిచింది, వాగు దాటింది, చుట్టూ తిప్పి డేగరాయి వెనక్కి తీసుకెళ్లింది. నేరుగా వెళ్తే గంట పట్టేదానికి రెండున్నర గంటలు పట్టింది. ఒక చోట చెట్ల వేళ్లు పట్టుకుని పాకాల్సి వచ్చింది. ఎనభై రెండేళ్ల మనిషి మా ఇద్దరికంటే ముందు పైకి చేరింది.

పైన చెట్లు నిలబడి ఉన్నాయి. మొదళ్లు మనిషి భుజం ఎత్తుదాకా నల్లగా మాడిపోయాయి. ఆ పైన బెరడు ఎప్పటి ఎరుపులోనే, కొమ్మల చివర ఆకు పచ్చగా ఉంది. యూన్‌సుల్ తల పైకెత్తి కొమ్మలు చూసింది. తర్వాత పని మొదలెట్టింది. నేను టేపు పట్టుకున్నాను. మొదటి చోట నలభై ఒక్క చెట్లు, అందులో ముప్పై ఆరు బతికున్నవి. డబ్బా మీద బొత్తం నొక్కబోయి ఆగింది.

"అమ్మమ్మా, ఇది నొక్కితే ఈ చోటు అందరిదీ అయిపోతుంది. నొక్కనా?"

ఆవిడ చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని, రాలిన ఆకు కర్రతో పక్కకు నెట్టి, జానెడు లోతు తవ్వింది. మన్ను పొడిగా, నల్లగా లేచింది. సోంగి ఉన్న నేల పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుందని నాకూ తెలుసు. తెలుపు ఎక్కడా లేదు.

"చెట్టు తట్టుకుంది. ఇది తట్టుకోలేదు," అంది. "పోయిన సెప్టెంబరులో ఇరవై రోజులు వచ్చాను. ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు."

ఆ ఇరవై రోజులూ గంప మీద గుడ్డ కప్పుకుని వెళ్లి, అలాగే కప్పుకుని రావడం నేను చూశాను. నిండుగా తెచ్చి మాకు తెలియకుండా ఎక్కడో ఇచ్చేస్తోందని నా భర్తతో చాడీలు కూడా చెప్పాను.

"ఏమీ లేని చోటుని ఏడాదిపాటు దాచారా? మా దగ్గర కూడా?" అన్నాను. కోపంగానే అన్నాను.

"ఏమీ లేదంటే నరకొద్దని ఎవరంటారే?"

యూన్‌సుల్ మెల్లగా అంది: "చెట్లుంటే మళ్లీ వస్తాయి అమ్మమ్మా. కానీ ముప్పై ఏళ్లు పడుతుంది. అప్పటికి మీరు..." అని నాలుక కరుచుకుంది.

"లెక్క నాకూ వచ్చు పాపా." ఆవిడ కర్ర ఎత్తి నన్ను చూపించింది. "దీనికి యాభై రెండు. ముప్పై ఏళ్లకి ఎనభై రెండు. నేనిప్పుడు ఎక్కలేదా?"

నేను టేపు కొస పట్టుకుని అలాగే నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. చెట్టు వైపు తిరిగాను, ఆవిడ చూస్తే ఎగతాళి చేస్తుందని.

"నొక్కు," అంది యూన్‌సుల్‌తో.

ఆ రోజూ మర్నాడూ పన్నెండు చోట్లూ కొలిచాం. యూన్‌సుల్ తన గురువుకి ఉన్నదున్నట్టు రాసింది. ఆమె పరీక్ష జూన్ నుంచి డిసెంబరుకి పోయింది. పటంలో ఆ గుట్ట ఎరుపులోంచి బయటపడింది. మేలో యంత్రాలు వాగుదాకా వచ్చి, గుట్ట వైపు రాకుండా తిరిగిపోయాయి.

మొదటి రోజు కొండ దిగేటప్పుడు నేను ఎప్పటిలాగే వెనక్కి తగ్గాను, ఆవిడ ముందు నడుస్తుందని. ఆవిడ పక్కకు జరిగి నిలబడింది.

"నువ్వు ముందు నడు," అంది. "దారి తప్పితే నేను చెప్తాను."