నాన్న ముద్ద

ఆ కళ్లజోళ్ల షాపులో పని బల్లకి ముందు అంచున ఒక వంపు ఉంది. నాలుగు వేళ్ల లోతున, అర్ధచంద్రంలా కోసిన వంపు. కొత్తగా వచ్చినవాళ్లు అదేదో కళ్లజోళ్ల పనికి కావలసిన ఏర్పాటనుకుంటారు. కాదు, అది పొట్ట కోసం కోసింది. నలభై ఏళ్లు వచ్చేసరికి షాపు యజమానికి పొట్ట పెరిగి, చేతులు అద్దాలు అరగదీసే సానరాయికి అందడం మానేశాయి. పొట్ట తగ్గించడం కన్నా బల్ల తగ్గించడం సులువని ఆయన వడ్రంగిని పిలిపించాడు. వడ్రంగి ఆ పొట్ట చుట్టూ పెన్సిలు తిప్పి, గీత మీద రంపం పెట్టి కోసేశాడు. ఆ రోజు నుంచి వీధికంతటికీ ఆయన బొజ్జాయన, అది బొజ్జాయన షాపు. పైన బోర్డు మీద ఏం రాసి ఉందో చదివిన పాపాన ఎవరూ పోలేదు. అంత చదవగలిగే కళ్లే ఉంటే ఆ షాపుకెందుకొస్తారు?

బొజ్జాయన పోయి ముప్ఫై రెండేళ్లయింది. ఇప్పుడు ఆ వంపులో కూర్చునేది ఆయన కొడుకు, చిన్న బొజ్జాయన. మొదట్లో వంపు అతనికి మరీ వదులు. పుల్లలా ఉండేవాడు, ముందుకు వంగి వంగి పని చేసేవాడు. పదేళ్లకి వంపు సరిపోయింది, ఇరవై ఏళ్లకి బిగుతయింది. "అచ్చం మీ నాన్నే" అని పాతవాళ్లు అన్నప్పుడల్లా లోపల్లోపల మురిసిపోయేవాడు. కొందరికి తండ్రి నుంచి ఇల్లొస్తుంది, కొందరికి ముక్కొస్తుంది. తనకి పొట్ట వచ్చింది. వాళ్ల అక్క మాత్రం నూటనాలుగు కిలోల తమ్ముణ్ని పట్టుకుని ఇప్పటికీ "ఒరే పుల్లా" అనే పిలుస్తుంది.

పుల్ల అన్న పేరు ఊరికే రాలేదు. పదకొండో ఏట అతనికి విషజ్వరం వచ్చి, తగ్గేసరికి ఎముకలు లెక్కపెట్టుకునేలా మిగిలాడు. అమ్మకి బట్టల మిల్లులో పగటి షిఫ్టు. అక్కకి బడి. పిల్లాణ్ని ఒంటరిగా వదల్లేక నాన్న షాపుకి తీసుకొచ్చి, బల్ల పక్కన ఎత్తుపీట మీద కూర్చోబెట్టుకునేవాడు. తడి సానరాయి వాసన, వేడి చేసిన ఫ్రేముల వాసన, మధ్యాహ్నమయ్యేసరికి వాటన్నిటినీ తోసుకుని క్యారియర్ వాసన. నాన్న అన్నం కలిపి, "నీకో ముద్ద, నాకో ముద్ద" అనేవాడు. ముద్దకో ముక్క చొప్పున కథ చెప్పేవాడు. తన కళ్లజోడు తన నెత్తి మీదే పెట్టుకుని వీధంతా వెతికిన పెద్దమనిషి కథ, భార్య కళ్లజోడు పెట్టుకుని పెళ్లి సంబంధం చూసి వచ్చిన మేనమామ కథ. పిల్లాడు నోరు తెరిస్తేనే కథ కదులుతుంది. వాడు "చాలు నాన్నా" అనేదాకా ఆట ఆగదు. అంత సుఖం మళ్లీ తన జీవితంలో రాలేదని అతని నమ్మకం. అందుకే యాభై ఆరేళ్లొచ్చినా, మధ్యాహ్నం భోజనం ముగిశాక ఇంకొక్క ముద్ద కలుపుకునేవాడు. ఇది నాన్నది అనుకుని తినేవాడు. ఈ సంగతి భార్యకి కూడా తెలియదు.

షుగరు, బీపీ పదేళ్లుగా ఉన్నాయి. ఇంట్లో అద్దెకున్నవాళ్లలా వాటి మానాన అవి ఉన్నాయి కదా అని ఊరుకున్నాడు. చివరికి ఆ సంగతి ఎత్తింది, అతని షాపుకే చీటీలు రాసి పంపే కంటి డాక్టరమ్మ.

"అక్షరాలు కనిపిస్తున్నాయి కాబట్టి ఏమీ లేదనుకుంటున్నారు," అందామె. "కంటి వెనక నెత్తుటి చుక్కలు మొదలయ్యాయి. షుగరు, బీపీ, బరువు, ఈ మూడూ దారికి రాకపోతే చుక్కలు పెరుగుతాయి. అప్పుడు ఏ అద్దం పెట్టినా లాభం లేదు."

ఆ చివరి మాట ఆమె చెప్పక్కర్లేదు. ఏటేటా అద్దం మందం పెంచుకుంటూ పోయి, ఒకరోజు "ఇక అద్దంతో అయ్యే పని కాదండీ" అని ఎంతమందితోనో అతనే చెప్పాడు. అప్పుడు వాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో అతనికి తెలుసు. కళ్లు పోతే పని పోతుంది. పని పోతే ఆ బల్ల ముందు కూర్చునే హక్కూ పోతుంది. నాన్న తాలూకు అతనికి మిగిలింది ఆ బల్లే. ఆర్నెల్లలో మళ్లీ చూస్తానని చెప్పి డాక్టరమ్మ అతన్ని తిండి సంగతులు చూసే నర్సమ్మ దగ్గరికి పంపింది.

నర్సమ్మ కాగితం మీద పళ్లెం గీసింది. సగం కూరగాయలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు వంతే అన్నం. నోరు కట్టుకోమనడం లేదు, పళ్లెం మార్చుకోమంటున్నానంది. మాత్రలు సొంతంగా మానొద్దనీ, రోజూ అరగంట నడవమనీ, తిన్న ప్రతిదీ పుస్తకంలో రాయమనీ చెప్పింది. మొక్కై వంగనిది మానై వంగునా అని అక్క పెదవి విరిచింది. కానీ మాను వంగింది. భయం అలాంటిది. మొదటి వారం చక్కెర లేని టీ తాగుతుంటే ఎవరో తన మీద కోపంతో కాచినట్టుండేది. భార్య చక్కెర డబ్బాని ఎంత బాగా దాచిందంటే, చుట్టాలొచ్చినప్పుడు ఆవిడకే దొరకలేదు. నూనె చెంచాతో కొలిచి పోసింది, ఉప్పు తగ్గించింది, తనూ అదే తిన్నది. నాలుగు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాడు. ఒక మాత్ర సగానికి తగ్గింది. పుస్తకంలో అన్నీ రాశాడు, ఒక్క నాన్న ముద్ద తప్ప.

అక్కడిదాకా బాగానే ఉంది. తంటా వంపుతో వచ్చింది.

పొట్టకీ బల్లకీ మధ్య రెండు వేళ్ల సందు ఏర్పడింది. కళ్లజోడు కాడని ఫ్రేముకి బిగించే స్క్రూ ఆవగింజంత ఉంటుంది. ఇన్నాళ్లూ చెయ్యి జారితే పొట్ట ఆపేది. ఇప్పుడు ఆ సందులోంచి నేల మీదకి పోతున్నాయి. స్క్రూలు పోతే పోయాయి, మాటలే భరించలేకపోయాడు. "ఏంటయ్యా ఇలా అయిపోయావు, ఒంట్లో బాగుందా? మీ నాన్న ఎంత నిండుగా ఉండేవాడు." ఇలా అనని పాత మనిషి లేడు. ఫ్రేములు పెట్టి చూసుకునే అద్దంలో అతనూ చూసుకున్నాడు. ముందు బుగ్గల్లోంచి, తర్వాత గడ్డం కింద నుంచి నాన్న వెళ్లిపోతున్నాడు. మనిషి రెండోసారి చచ్చిపోతున్నట్టనిపించి, షాపులో ఎవరూ లేనప్పుడు ఏడ్చాడు.

ఆ బాధలో బుద్ధి ఉన్నవాడెవడూ చెయ్యని పని చేశాడు. తువ్వాలు చుట్టి చొక్కా కింద పెట్టుకుని వంపు నింపుకున్నాడు. మనుషులు మళ్లీ "ఆఁ, ఇప్పుడు బాగున్నావు" అన్నారు. తువ్వాలుతో ఆగినా సరిపోయేది. నాన్న ముద్ద ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. అయిదో నెల త్రాసెక్కితే మూడు కిలోలు వెనక్కొచ్చాయి, షుగరు కూడా పెరిగింది. నర్సమ్మ పుస్తకం చూసింది, త్రాసు చూసింది.

"పుస్తకం చిక్కిందండీ, మీరు చిక్కలేదు," అంది.

అతను పుస్తకం తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు. చచ్చిపోయిన నాన్నకి అన్నం పెడుతున్నానని తెల్లకోటు మనిషికి ఎలా చెబుతాడు?

ఆ వారంలోనే లెక్కల మేష్టారు వచ్చారు. ముప్ఫై ఏళ్ల కిందట రిటైరైన మనిషి, నాన్న చేసిన ఫ్రేమే ఇంకా వాడతారు. అందులో స్క్రూ పాత కొలతది, ఇప్పుడు దొరకదు. సరిగ్గా అదే జారింది. తువ్వాలు మీద పడి, దొర్లి, బల్ల కిందకి పోయింది. ఇదివరకైతే పుల్లకి అయస్కాంతం కట్టి కింద తిప్పేవాడు, ఎందుకంటే వంగే ప్రశ్నే లేదు. ఆ రోజు తువ్వాలు తీసి పక్కన పడేసి, టార్చి పట్టుకుని బల్ల కింద వెల్లకిలా దూరాడు. దూరగలిగినందుకు తనే ఆశ్చర్యపోయాడు.

టార్చి వెలుగులో బల్ల అడుగున ఒక చెక్క కనిపించింది. అర్ధచంద్రంలా ఉన్న చెక్క. వడ్రంగి కోసిన ముక్కని పారెయ్యకుండా నాన్న అక్కడ రెండు మరలతో బిగించి పెట్టాడు. దాని మీద పెన్సిలు రాత, అద్దాల పొట్లాల మీద రాసినట్టే వాలుగా ఉంది. ఫిబ్రవరి, ఒక వేలు. మార్చి, రెండు వేళ్లు. ఏప్రిల్, మూడు వేళ్లు. దాని కింద జూన్, రెండు. జులై, ఒకటి. తర్వాత ఏమీ లేదు. పక్కన వేసిన సంవత్సరం చూసి లెక్కేసుకున్నాడు. అది తన పదకొండో ఏడు.

"దొరికిందా?" అని మేష్టారు పైనుంచి అడిగారు.

"దొరికింది మేష్టారూ," అన్నాడు. "స్క్రూ కాదు."

స్క్రూ కూడా గోడవార దొరికింది. అది బిగించి మేష్టార్ని పంపించి, చెక్క ఊడదీసి, షాపు మూసి, రెండు వీధులవతల ఉన్న అక్క ఇంటికెళ్లాడు. అక్కకి అరవై. చెక్కని ఒళ్లో పెట్టుకుని ఆ అంకెలని చాలాసేపు వేలితో నిమిరింది. ఆ ఏడాది జనవరిలో నాన్నకి బీపీ ఉందని, బరువు తగ్గకపోతే ప్రమాదమని డాక్టరు చెప్పాడట. నాన్న పంతం పట్టాడట. ఈ ముక్కని మళ్లీ బల్లలో పెట్టకపోతే నన్ను బొజ్జాయన కాదు, బండాయన అని పిలవండి అన్నాడట. మూడు వేళ్ల దాకా వచ్చాడు. ఇంకొక్క వేలు మిగిలింది.

"మరి ఎందుకాగిపోయాడక్కా?"

"మేలో నీకు జ్వరమొచ్చింది కదరా," అంది అక్క. "ఏం పెట్టినా తల తిప్పేసేవాడివి. నాన్న తింటే తినేవాడివి, ఆయన ఆపితే నువ్వూ ఆపేవాడివి."

ఇన్నేళ్లూ దాచుకుని దాచుకుని తిన్న జ్ఞాపకం ఒక్కసారిగా చేదైంది. అక్కకి తెలియని ముక్క ఒకటి అతనికి మాత్రమే తెలుసు. జులైకల్లా తనకి నయమైంది. అయినా ఇంకో రెండేళ్లు, సెలవు దొరికితే చాలు షాపుకి పరుగెత్తేవాడు, పిట్టపిల్లలా నోరు తెరుచుకుని కూర్చునేవాడు. ఆకలి వేసి కాదు, కథ ఆగిపోతుందని.

"నేను చాలు అనలేదక్కా," అన్నాడు. "కడుపు నిండినా అనలేదు."

ఇప్పటికీ రోజూ తింటున్న నాన్న ముద్ద సంగతి కూడా చెప్పేశాడు. అక్క చీర కొంగుతో చెక్క మీద దుమ్ము తుడిచింది.

"నువ్వు పిల్లాడివి, నీకేం తెలుసు. ఆయనకి తెలుసు, తెలిసే తిన్నాడు. నా పుల్ల కర్రయ్యేదాకా నాకీ అంకెలొద్దు అన్నాడు. నువ్వు కర్రయ్యాక మళ్లీ మొదలుపెట్టొచ్చు కదా? పెట్టలేదు. రుచి మరిగాడు. అది నీ పాపం కాదురా, అది మన నాన్న బద్ధకం." అంటూనే నవ్వింది, నవ్వుతూనే కళ్లొత్తుకుంది. "నిన్ను బతికించడానికి తిన్నాడు. నువ్వు ఆయన్ని బతికించుకుందామని తిని, నీ కళ్లు పోగొట్టుకుంటావా?"

మర్నాడు నర్సమ్మకి అంతా చెప్పేశాడు. ఆమె నవ్వుతుందనుకున్నాడు, నవ్వలేదు. ఒక్క ముద్దతో కొంప మునగదు, కానీ పళ్లెంలో లెక్కలోంచే తియ్యండి, పుస్తకంలో రాయండి అంది. ఆ రోజు పుస్తకంలో మొదటిసారి "నాన్న ముద్ద, ఒకటి" అని రాశాడు. తువ్వాలు మళ్లీ తుడుచుకోవడానికే పనికొచ్చింది. వెనక్కొచ్చిన మూడు కిలోలు వెనక్కే పోయాయి, వాటి వెంట ఇంకో ఆరు పోయాయి. గడువు దాటి ఇంకో నెల పట్టింది గానీ, డాక్టరమ్మ కళ్లలోకి వెలుగు వేసి చూసి, కొత్త చుక్కలు లేవంది. పాతవాటిలో రెండు మాసిపోయాయంది. ఇది అయిపోయిన పని కాదు, ఇలాగే నడుపుకోవాలి అని కూడా చెప్పింది. అతను బుద్ధిగా తలూపాడు.

ఆ మధ్యాహ్నమే షాపుకొచ్చి వంపులో కూర్చుని, పొట్టకీ అంచుకీ మధ్య వేళ్లు పెట్టి చూశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పెన్సిలు తీసి నాన్న రాసిన ఒకటి కింద నాలుగు అని రాశాడు. చెక్కని వంపులో కూర్చోబెట్టి, అడుగున రెండు పట్టీలు వేసి తనే బిగించాడు. రాత పైకి కనిపించేలా బిగించాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఇకమీదట దాని గురించి కూడా ఏదో ఒకటి అనుకుంటారు, అనుకోనీ.

భోజనం ఆ చెక్క మీదే పెట్టుకున్నాడు. సగం కూరలు, ఒక గుడ్డు, గుప్పెడు అన్నం. నెమ్మదిగా తిన్నాడు. తింటూ, కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని వెతికిన పెద్దమనిషి కథ తనకి తనే మొదటి నుంచి చివరిదాకా చెప్పుకున్నాడు. కథ అయిపోయింది, పళ్లెంలో ఆఖరి ముద్ద మిగిలింది. చెయ్యి అలవాటుగా దాన్ని కలిపి, పైకెత్తి, సగంలో ఆగింది.

ముద్దని మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. ఎంగిలి చేత్తోనే చెక్క అంచు పట్టుకున్నాడు.

"చాలు నాన్నా," అన్నాడు. "కడుపు నిండింది."